కరకరలాడే వంకాయ వేపుడు: కాయది సగం, ఓపికది సగం

సంక్రాంతి దగ్గర పడే నాటికి గోదావరి లంకల్లో వంగ తోటలు మంచి కాపు మీద ఉంటాయి. ఆలమూరు, రావులపాలెం, కొత్తపేట మండలాల లంకల నుంచి తెల్లవారకముందే కోసిన కాయలు మడికి కూరగాయల మార్కెట్‌కు చేరతాయి. ఆ రోజుల్లో కోనసీమ పల్లెల్లో ఏ వీధిలోకి వెళ్ళినా పొద్దెక్కేసరికి ఏదో ఒక ఇంట్లోంచి వేగుతున్న వంకాయ వాసన వస్తుంది. గుత్తి వంకాయ కూర చుట్టాలకు చేసి పెట్టేది. అల్లం పచ్చిమిర్చి ముద్ద వేసిన కూర పెళ్ళి పందిళ్ళలో వడ్డించేది. ఇంట్లో పిల్లలు ఒకరి కంచంలోది ఒకరు లాక్కుని తినేది మాత్రం వేపుడే.

అయితే ఆ వేపుడు ఇప్పుడు చాలా ఇళ్ళలో కరకరలాడటం లేదు. ముక్క మెత్తబడి, నూనె కారుతూ, అటు కూరా కాక ఇటు వేపుడూ కాక తయారవుతోంది. పిల్లలు ఏరి కంచం అంచున పెడుతున్నారు. చిన్నప్పటి రుచి లేదని పెద్దలు పెదవి విరుస్తున్నారు. లోపం కాయలో ఉందా, నూనెలో ఉందా, పొయ్యిలో ఉందా అని వంటలో చెయ్యి తిరిగిన ఇల్లాళ్ళను అడిగితే, అన్నిటికన్నా ఎక్కువ తొందరలో ఉందని చెబుతున్నారు.

మూకుడు చుట్టూ పిల్లలు

ఇప్పుడు యాభై, అరవై ఏళ్ళ వయసులో ఉన్నవారికి వంకాయ వేపుడు అనగానే మట్టి పొయ్యి, ఇనప మూకుడు గుర్తుకు వస్తాయి. 1970 ప్రాంతాల్లో కూలీ నాలీ చేసుకునే ఇళ్ళలో నూనె డబ్బాలు ఉండేవి కావు. చిన్న సీసా మెడకు పురికొస కట్టి, దాన్ని పట్టుకుని కొట్టుకు వెళ్ళి గిద్దెడో, అరగిద్దెడో నూనె పోయించుకు వచ్చేవారు. పులుసుకైనా, పచ్చడికైనా చుక్క నూనె చాలు. వేపుడంటే ఖర్చు. అందుకే చుట్టం వచ్చిన రోజో, పండగ రోజో, వంగ తోటలో కోతకు వెళ్ళిన తల్లికి ఆసామి నాలుగు కాయలు ఒడిలో పోసిన రోజో తప్ప వేపుడు చేసేవారు కారు.

పొయ్యిలోకి కొబ్బరి మట్టలు, కమ్మలు, పిడకలు. కొబ్బరి కమ్మ భగ్గున మండి చప్పున చల్లారిపోతుంది. వేపుడుకు పనికొచ్చేది అలాంటి మంట కాదు. ఒకే తీరున మండాలి. అందువల్ల పొయ్యి ముందు ఒక పిల్లనో, పిల్లవాడినో కూర్చోబెట్టి మట్టలు ఎగదోయించేవారు. మంట తగ్గితే గొట్టంతో ఊదాలి. పెరిగితే మట్ట వెనక్కి లాగాలి. కళ్ళు మండేవి, ముక్కు కారేది. అయినా ఆ చోటు వదిలి ఎవరూ లేచేవారు కారు. ఎందుకంటే పొయ్యి దగ్గర కూర్చున్న వారికి మొదటి ముక్క దక్కేది. వేపుడు తీసేశాక ఆ మూకుట్లోనే గుప్పెడు అన్నం వేసి, అడుగున అంటిన కారమూ నూనే కలిపి చేసిన ముద్దలు కూడా వారికే.

ఆ మూకుడు ముద్దల రుచి ఏ హోటల్లోనూ దొరకలేదని అరవై దాటిన ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు చెబుతారు. ఆయన ఇంకో మాట కూడా చెప్పారు. అయిదుగురు పిల్లలకూ, తండ్రికీ వడ్డించాక తల్లి కంచంలో ఎన్ని ముక్కలు మిగిలేవో ఆనాడు తమలో ఒక్కరూ చూడలేదట. తనకు వంకాయ పడదని, తింటే దురద పెడుతుందని ఆమె అనేదట. పిల్లలు పెద్దవారై ఉద్యోగాలకు వెళ్ళి, ఇంట్లో నూనెకు కొరత తీరిన తర్వాత ఆమె వంకాయ వేపుడు ఇష్టంగా తినడం చూసి గాని వారికి అసలు సంగతి తెలియలేదు. ఇటువంటి కథ కోనసీమలో ఒక్క ఇంటిది కాదు.

ఏ కాయ కొనాలి?

కోనసీమ సంతల్లో వంకాయలు నాలుగైదు రకాలు కనిపిస్తాయి. పొడుగు నీలి కాయ, గుండ్రటి గుత్తి కాయ, తెల్ల కాయ, తొడిమకు ముళ్ళుండే ముళ్ళ వంకాయ. ముళ్ళ వంకాయను కూరకు, పులుసుకు ఎక్కువగా వాడతారు. కరకరలాడే వేపుడుకు పొడుగు కాయ తేలిక. ముక్కలు ఒకే లావున వస్తాయి, ఒకేసారి వేగుతాయి. అయితే ఏ రకమైనా లేతగా ఉండటం ముఖ్యం.

లేత కాయను గుర్తించడానికి పెద్దలు మూడు గుర్తులు చెబుతారు. మొదటిది, తొడిమ పచ్చగా ఉండాలి. గోధుమ రంగుకు తిరిగి ఎండితే కోసి రోజులైనట్టు. రెండవది, తోలు నిగనిగలాడాలి. వెలిసినట్టు, పసుపు తిరిగినట్టు ఉంటే లోపల గింజ ముదిరినట్టే. మూడవది, బొటనవేలితో నొక్కితే కొద్దిగా లొంగి మళ్ళీ పైకి రావాలి. నొక్కిన సొట్ట అలాగే ఉండిపోతే కాయ వడిలిపోయింది. తోలు మీద సూది మొనంత రంధ్రం కనబడినా ఆ కాయ పక్కన పెట్టాలి. లోపల పురుగు ఉంటుంది, లేదా ఉండి వెళ్ళిపోయి ఉంటుంది.

కొన్న కాయలను ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల తర్వాత వండటం మరో పొరపాటు. వంకాయ వేడి దేశపు పంట. బాగా చల్లటి చోట ఉంచితే తోలు మీద గుంటలు పడతాయి, లోపల కండ, గింజలు నల్లబడతాయి. ఏ పూటకాయ ఆ పూట వండటమే మంచిది.

చేసే పద్ధతి

నలుగురికి సరిపడే వేపుడుకు అర కిలో లేత వంకాయలు కావాలి. వంకాయలో 100 పాళ్ళలో 90 పాళ్ళకు పైగా నీరే. అర కిలో కాయలు వేగేసరికి చిన్న గిన్నెడు అవుతాయి కనుక తక్కువ తీసుకుంటే ఎవరికీ చాలదు.

ముందుగా కారప్పొడి చేసుకోవాలి. పచ్చి శనగపప్పు 2 చెంచాలు, మినప్పప్పు 1 చెంచా, ధనియాలు 2 చెంచాలు, జీలకర్ర అర చెంచా, ఎండు మిరపకాయలు 8 తీసుకుని నూనె లేకుండా సన్నని మంట మీద దోరగా వేయించాలి. పప్పులు ముందు వేసి, అవి సగం వేగాక ధనియాలు, మిరపకాయలు, చివర్లో జీలకర్ర వేస్తే ఏదీ మాడదు. చల్లారాక రోట్లో గానీ, మిక్సీలో గానీ బరకగా దంచాలి. ఆఖరున 2 చెంచాల ఎండు కొబ్బరి కోరు, పొట్టుతోనే 6 వెల్లుల్లి రెబ్బలు వేసి ఒక్క తిప్పు తిప్పి తీసేయాలి. మెత్తని పిండిలా నూరితే వేపుడుకు పట్టి ముద్దలా అవుతుంది. పలుకు పంటికి తగలాలి.

వంకాయలను చిటికెన వేలి లావున నిలువు ముక్కలుగా తరిగి, తరిగినవి తరిగినట్టే ఉప్పు నీళ్ళలో వేయాలి. అన్నీ అయ్యాక నీళ్ళు వార్చి, ముక్కలకు ఒక చెంచా ఉప్పు పట్టించి 15 నిమిషాలు వదిలేయాలి. గిన్నె అడుగున నీరు చేరుతుంది. ముక్కలు చితికిపోకుండా రెండు అరచేతుల మధ్య మెల్లగా పిండి, పొడి నూలు గుడ్డ మీద పరిచి మరో 15 నిమిషాలు ఆరనివ్వాలి. ఆరిన ముక్కల మీద 2 చెంచాల బియ్యప్పిండి చల్లి చేత్తో కలపాలి. బియ్యప్పిండి వేయని ఇళ్ళూ ఉన్నాయి. కాయ బాగా లేతదైతే అది లేకపోయినా ఫరవా లేదు.

వెడల్పాటి మూకుడు పొయ్యి మీద పెట్టి 6 చెంచాల నూనె పోయాలి. ఒక ఆవగింజ వేస్తే వెంటనే చిటపటమనాలి. అప్పుడే ముక్కలు వేయాలి. ఒకదాని మీద ఒకటి పడకుండా ఒక వరసగా పరవాలి. మూకుడు చిన్నదైతే రెండు విడతలుగా చేసుకోవాలి. మొదటి మూడు నాలుగు నిమిషాలు అట్లకాడ పెట్టకూడదు. కింది వైపు ఎర్రబడ్డాక అంచు నుంచి మెల్లగా తిరగేయాలి. మూత పెట్టకూడదు. మంట మధ్య రకంగా ఉంచి, మధ్య మధ్య తిరగేస్తూ 15 నుంచి 20 నిమిషాలు వేయించాలి. ముక్క అంచులు ఎర్రగా ముడుచుకుని, అట్లకాడ తగిలితే గలగలమన్నప్పుడు రెండు రెబ్బల కరివేపాకు వేసి, అది చిటపటలాడగానే 3 చెంచాల కారప్పొడి చల్లాలి. రెండు నిమిషాలు తిప్పి దించేయాలి. ఉప్పు ముందే పట్టించాం కనుక రుచి చూసి గానీ మళ్ళీ వేయరాదు. మిగిలిన కారప్పొడి సీసాలో పోసుకుంటే దొండకాయ, బెండకాయ వేపుళ్ళకు పనికొస్తుంది.

దించిన వేపుడును వేడి మీద మూత పెట్టి ఉంచితే పడిన శ్రమంతా వృథా. ఆవిరి నీరై తిరిగి ముక్క మీద పడుతుంది. పళ్ళెంలో పలచగా పరిచి ఉంచి, అన్నం వడ్డించే వేళకు ముద్దపప్పు, నెయ్యి పక్కన వేసుకుంటే కరకరలాడుతుంది.

నూనె తాగే కాయ

వంకాయ నూనె తాగుతుందని అందరికీ తెలుసు. ఎందుకు తాగుతుందో తెలుసుకుంటే వేపుడు సగం వచ్చినట్టే. వంకాయ కండ దూది వంటిది. లోపలంతా సన్నటి గాలి అరలు. నూనె కాగకముందే ముక్కలు వేస్తే ఆ అరల్లోకి నూనె దూరిపోతుంది. మూకుడు ఎండినట్టు కనబడి ఇల్లాలు మళ్ళీ నూనె పోస్తుంది. ముక్క బాగా మగ్గాక ఆ అరలు అణిగిపోయి, తాగిన నూనె బయటకు వస్తుంది. నూనె తేలితే కూర అయినట్టు అని మామ్మలు చెప్పే మాటలోని కిటుకు ఇదే. ఉప్పు పట్టించి పిండితే పొయ్యి ఎక్కకముందే ఆ అరలు అణుగుతాయి. నూనె తక్కువ పడుతుంది. నూనె కరువు రోజుల్లో ఇల్లాళ్ళు ముక్కలకు ఉప్పు పెట్టి పిండింది ఊరికే కాదు.

వేపుడు సగం వేగాక ఉప్పు వేయడం చాలామంది చేసే తప్పు. ఉప్పు తగలగానే ముక్క నీరు వదులుతుంది. ఆ నీటిలో ముక్క ఉడుకుతుందే తప్ప వేగదు. ఉప్పు అయితే ముందు పెట్టి పిండాలి, లేకపోతే దించే ముందు వేయాలి. మధ్యలో వేయరాదు. ఇరుకు మూకుట్లో కాయలన్నీ ఒకేసారి కుక్కినా ఇదే జరుగుతుంది.

తరిగిన వంకాయ నల్లబడటానికి కారణం గాలి. కాయలోని వగరు పదార్థానికి గాలి తగిలితే రంగు మారుతుంది. నీళ్ళలో వేస్తే గాలి తగలదు. అందుకే ఉప్పు నీళ్ళు, బియ్యం కడుగు నీళ్ళు, పలచటి మజ్జిగ వాడుకలోకి వచ్చాయి. గింజ ముదిరిన కాయ చేదెక్కుతుంది. దాన్ని వేపుడుకు వాడే కన్నా కాల్చి పచ్చడి చేసుకోవడం నయం. మరీ చేదుగా ఉంటే పారేయడమే మేలు.

పొయ్యి మారింది, తొందర పెరిగింది

1999లో ఆనాటి రాష్ట్ర ప్రభుత్వం దీపం పథకం కింద మహిళా సంఘాల సభ్యులకు వంట గ్యాస్ కనెక్షన్లు ఇవ్వడం మొదలు పెట్టింది. 2016లో కేంద్రం ఉజ్వల పథకం తెచ్చింది. పల్లెల్లో మట్టి పొయ్యిలు క్రమంగా పెరటి మూలకు చేరాయి. కట్టెల పొయ్యి మీద వేపుడుకు సాటి లేదని మగవారు అనడమే గాని, పొగలో కళ్ళు పోగొట్టుకున్న ఆడవారిలో ఒక్కరు కూడా ఆ పొయ్యి మళ్ళీ కావాలని అనడం లేదు. నిజానికి ఒకే తీరున మండే గ్యాస్ మంట వేపుడుకు ఎక్కువ అనుకూలం. మట్ట ఎగదోసే పిల్లల అవసరం కూడా లేదు.

చిక్కు అక్కడే వచ్చింది. పిల్లల అవసరం తీరడంతో వారు పొయ్యి దగ్గర నుంచి లేచిపోయారు. ఉదయం ఏడింటికల్లా బడి బస్సు వస్తుంది. ఆ లోపు అన్నం, కూర, క్యారేజీ అన్నీ అయిపోవాలి. గంట పట్టే వేపుడును పావుగంటలో చేయాలంటే మూత పెట్టక తప్పదు, మంట పెంచక తప్పదు. పైన మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. అలాంటి వేపుడు తిన్న పిల్లలు వంకాయ అంటేనే ముఖం చిట్లించడం సహజం. ముక్క ఎప్పుడు తిప్పాలో, ఎప్పుడు దించాలో పుస్తకం చూసి నేర్చుకునేది కాదు. పక్కన కూర్చుని, చప్పుడు విని, వాసన చూసి నేర్చుకోవాలి. ఆ నేర్పు ఒక తరం నుంచి మరో తరానికి అందకుండా పోతోంది.

గల్ఫ్‌కు వెళ్ళిన కారప్పొడి

కోనసీమ నుంచి కువైట్, దుబాయ్, మస్కట్ వంటి చోట్లకు పనికి వెళ్ళిన వారు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. మగవారితో పాటు, ఇళ్ళలో వంట పనికి, పిల్లల్ని చూసే పనికి వెళ్ళిన ఆడవారూ ఎక్కువే. అప్పులు తీర్చడానికి, ఆడపిల్లల పెళ్ళిళ్ళకు, డాబా ఇంటికి అని వెళ్ళినవారు కొందరు పదేళ్ళకు పైగా అక్కడే ఉండిపోయారు. వారి పిల్లలు మామ్మల చేతుల మీద పెరిగారు. ఆ పిల్లలకు వంకాయ వేపుడు అంటే అమ్మ కాదు, మామ్మ గుర్తుకు వస్తుంది.

సెలవుకు వచ్చి తిరిగి వెళ్ళేవారి పెట్టెలో ఆవకాయతో పాటు వేపుడు కారప్పొడి పొట్లం తప్పనిసరి. గల్ఫ్‌లో వంకాయకు కరువు లేదు. అరబ్బుల వంటిళ్ళలోనూ వంకాయను చక్రాలుగా తరిగి, ఉప్పు పట్టించి, నూనెలో వేయిస్తారు. అరబ్బీలో వంకాయను బాదింజాన్ అంటారు. సంస్కృతంలోని వాతింగణ అనే మాట పర్షియన్ మీదుగా అక్కడికి చేరి అలా మారిందని భాషా శాస్త్రజ్ఞులు చెబుతారు. మన నేల నుంచి కాయతో పాటు పేరు కూడా అంత దూరం వెళ్ళిందన్నమాట.

పరాయి వంటింట్లో ఏళ్ళ తరబడి ఆ ముక్కలు వేయించి పెట్టిన ఒక ఇల్లాలు రెండేళ్ళ కిందట ఇంటికి వచ్చేశారు. వచ్చిన మర్నాడు కొడుక్కి ఇష్టమని వంకాయ వేపుడు చేశారు. కొడుకు తిని బాగుందన్నాడట. కాని మామ్మ చేసేదానిలా లేదని కూడా అన్నాడట. అత్తగారు అప్పటికే కాలం చేశారు. ఆ వేపుడులో మామ్మ ఏం వేసేదో చెప్పేవారు ఇంట్లో లేరు. చివరకు మేనత్తను అడిగితే ఎండు కొబ్బరికి బదులు వేయించిన నువ్వులు దంచి వేసేదని తెలిసింది. ఇప్పుడా ఇంట్లో నువ్వులతోనే చేస్తున్నారు. కొడుకే దంచుతున్నాడట.

కాయ వెనుక కష్టం

వేపుడు బాగా రావాలంటే మొదట కాయ బాగుండాలి. ఆ కాయ పండించడం రైతుకు ఏటేటా కష్టమవుతోంది. లంక భూములకు గోదావరి ఒండ్రే బలం, గోదావరి వరదే భయం. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు లంకల్లో తోటలు మిగలలేదు. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరదకు కూడా కూరగాయల తోటలు నీట మునిగాయి. వరద తీశాక మళ్ళీ నారు పోసుకుంటారు. నాటిన రెండు నెలలు దాటాక గాని కోత రాదు.

తోట నిలబడ్డాక కొమ్మ, కాయ తొలుచు పురుగు మరో బెడద. ఈ పురుగుకు భయపడే రైతులు మళ్ళీ మళ్ళీ మందు కొడుతున్నారు. పురుగు తట్టుకునేలా తయారు చేసిన బీటీ వంకాయకు 2009 అక్టోబరులో కేంద్ర కమిటీ అనుమతి ఇచ్చినా, హైదరాబాద్‌తో సహా పలు నగరాల్లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ తర్వాత 2010 ఫిబ్రవరి 9న అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేష్ దాన్ని నిలిపివేశారు. మందులు తగ్గించుకోవాలంటే వాడిన కొమ్మ చివర్లను పురుగుతో సహా తుంచి నాశనం చేయడం, పుచ్చు కాయలను తోటలో వదలకపోవడం, లింగాకర్షక బుట్టలు పెట్టడం, 5 శాతం వేప గింజల కషాయం పిచికారీ చేయడం మేలని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. మందు కొట్టాక డబ్బా మీద రాసిన గడువు దాటకుండా కాయ కోయరాదు. కొన్నవారు కూడా ధారగా పోసే నీళ్ళలో కాయలను రుద్ది కడిగి గాని తరగరాదు.

ఇంత చేసినా ధర రైతు చేతిలో లేదు. కాయలు ఒక్కసారిగా మార్కెట్‌కు వస్తే కోత కూలి, కిరాయి కూడా గిట్టక పశువులకు వేసే రోజులున్నాయి. ధర ఉన్న రోజుల్లో తోట వదిలిన కాయ చేతులు మారుతూ ఊళ్ళు తిరిగి, వడిలి, రెండు మూడు రోజులకు గాని వంటింటికి చేరడం లేదు. లంకకు ఆమడ దూరంలో ఉన్న ఊళ్ళలో కూడా వడిలిన కాయే దొరకడం విడ్డూరం.

పెరట్లో నాలుగు మొక్కలు

దీనికి పెద్ద ఖర్చు లేని ఉపాయం ఒకటి ఉంది. గిన్నెలు కడిగిన నీళ్ళు పారే చోటుకు కాస్త ఎడంగా, ఎండ తగిలే చోట నాలుగు వంగ మొక్కలు వేసుకుంటే చిన్న కుటుంబానికి వారానికి ఒక వేపుడుకు లోటుండదు. పశువుల ఎరువు, పొయ్యి బూడిద చాలు. పురుగు పట్టిన కొనలను చేత్తో తుంచుకోవచ్చు. తెల్లవారి కోసి, పూట దాటకుండా వండిన లేత కాయకు సాటి లేదు.

రెండవ పని పిల్లలకు నేర్పడం. ఆడపిల్లకే అని కాదు, మగపిల్లవాడికి కూడా. చదువుకో, ఉద్యోగానికో, గల్ఫ్‌కో వెళ్ళిన కుర్రాళ్ళు అక్కడ గది అద్దెకు తీసుకుని తమ వంట తామే చేసుకుంటున్నారు. వండటం రాక బయట తిండికి డబ్బు, ఆరోగ్యం రెండూ పోగొట్టుకుంటున్నారు. సంక్రాంతి సెలవుల్లో ఒక్క పూట పిల్లల చేతికి అట్లకాడ ఇచ్చి పక్కన కూర్చుంటే ముక్క ఎప్పుడు తిప్పాలో వారికి తెలుస్తుంది. మామ్మలు ఉన్న ఇళ్ళలో వారి కారప్పొడిలో ఏమేం పడతాయో ఇప్పుడే అడిగి రాసుకోవడం మంచిది. వేపుడు అయ్యాక మూకుట్లో అన్నం కలిపినప్పుడు మొదటి ముద్ద ఇంటి ఇల్లాలికి పెట్టడం మరవరాదు.